మా సంక్రాంతి పరుగులో పోగైన 1,800 సీసాలు: వచ్చే జనవరికి ఏం మార్చాలి?

ప్రశ్న – హూడి తెలుగువాడు

అందరికీ నమస్కారం. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఉంటున్న తెలుగు కుటుంబాల వాళ్ళం కొందరం కలిసి, సంక్రాంతి వెళ్ళిన తరువాత వచ్చే మొదటి ఆదివారం నాడు ఉదయం ఐదు కిలోమీటర్ల పరుగు, ఆపైన సాయంత్రం దాకా టెన్నిస్ బంతితో క్రికెట్ పోటీ జరుపుతున్నాము. అరవై మందితో మొదలైన ఈ కార్యక్రమానికి పోయిన జనవరిలో దాదాపు 600 మంది వచ్చారు. నీళ్ళ కోసం 250 మిల్లీలీటర్ల సీసాలు, పెట్టెకు 24 చొప్పున 75 పెట్టెలు తెప్పించాము. ఉదయం టిఫినుకు ప్లాస్టిక్ పూత ఉన్న కాగితపు ప్లేట్లు, ఒంటికి తలా ఒక టీషర్టు, దారి పొడవునా ఫ్లెక్సీలు, మైకుకు, లైట్లకు జనరేటరు. అందరూ చేసేదే మేమూ చేశాము.

బహుమతులు పంచి జనం వెళ్ళిపోయాక మేము ఐదుగురం మిగిలాము. సగానికి పైగా సీసాల్లో రెండు గుక్కలు తాగి వదిలేసిన నీళ్ళు అలాగే ఉన్నాయి. ఒక్కొక్క మూతా తిప్పి, నీళ్ళు పారబోసి, సీసాను నలిపి సంచిలో వేసేసరికి రాత్రి తొమ్మిది దాటింది. మరునాడు చెత్త తీసుకెళ్ళడానికి మాట్లాడుకున్న ఆటో అతను సంచి విప్పి చూసి, సాంబారు ప్లేట్లు సీసాలతో కలిసిపోయాయి కనుక ఇది పొడిచెత్త కిందికి రాదని, అదనంగా ఇస్తే తప్ప ఎత్తనని అన్నాడు. అతని మాటలో తప్పు పట్టవలసింది నాకేమీ కనబడలేదు. నాలుగు రోజుల తరువాత మైదానం పక్కనున్న రాజకాలువలో (వాననీళ్ళు చెరువుకు పోయే పెద్ద కాలువ) మా సంఘం పేరు అచ్చువేసిన కాగితపు టోపీలు తేలుతుంటే చూసి తల దించుకుని వచ్చాను.

వచ్చే ఏడు సీసాలకు బదులు కాగితపు కప్పులు వాడదామని కమిటీలో కొందరు అంటున్నారు. స్టీలు గ్లాసులు, స్టీలు ప్లేట్లు తెద్దామని నేను అన్నాను. 2024 వేసవిలో ట్యాంకర్ల కోసం బారులు తీరి నిలబడిన ఊళ్ళో అంట్లు తోమడానికి నీళ్ళు ఎక్కడివని మా పెద్దాయన ఒకరు అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. టీషర్టులు పచ్చరంగువి వేయించి, తలా ఒక మొక్క పంచితే పర్యావరణానికి మేలు చేసినట్లే కదా అన్నది ఇంకొకరి వాదన. ఇలాంటి పోటీలు నడిపిన అనుభవం ఉన్నవారు దేనితో మొదలుపెట్టాలో చెప్పగలరా?

జవాబు – నీళ్ళ బల్ల

హూడి తెలుగువాడు గారికి నమస్కారం. చాలా ఏళ్ళుగా బెంగళూరు పరుగు పోటీలలో నీళ్ళు అందించే బల్లల దగ్గర స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను కనుక నీళ్ళ సంగతి ముందు చెబుతాను.

కాగితపు కప్పు మాట మరచిపోండి. నీళ్ళు కారకుండా దాని లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. తడిసిన తరువాత అది కాగితంగానూ పనికిరాదు, ప్లాస్టిక్‌గానూ పనికిరాదు. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన నిషేధపు జాబితాలో ప్లాస్టిక్ పూత ఉన్న కప్పులూ ఉన్నాయి. సీసా తీసి కప్పు పెడితే మీ ఐదుగురికి మూత తిప్పే పని తప్పుతుందే తప్ప సంచుల లెక్క తగ్గదు.

అసలు ఎన్ని నీళ్ళు కావాలో లెక్క వేసుకోండి. జనవరి ఉదయం, ఎండ ఎక్కకముందు, ఐదు కిలోమీటర్లు పరుగెత్తేవారికి దారి మధ్యలో ఒక బల్ల, ముగింపు దగ్గర ఒక బల్ల చాలు. దారిలో ఆగిన మనిషి తాగేది మహా అయితే 150 మిల్లీలీటర్లు. రోజంతా ఉండి క్రికెట్ ఆడేవారిని కూడా కలుపుకుని మనిషికి లీటరు చొప్పున వేసుకున్నా 600 లీటర్లు, అంటే 20 లీటర్ల డబ్బాలు 30. పోటీకి పేరు రాసుకునేటప్పుడే సొంత సీసా తెచ్చుకోమని అడగండి. ఎంత అడిగినా సగం మంది మరచిపోయి వస్తారు. వారి కోసం పెళ్ళి సామాను అద్దెకిచ్చే దుకాణంలో 300 స్టీలు గ్లాసులు తీసుకోండి.

బల్ల ఎక్కడ పెడతారన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పని అంతా అక్కడే ఉంది. మలుపుకు ముందు పెడితే అందరూ ఒకరి మీద ఒకరు పడతారు. మలుపు తిరిగాక నేరుగా ఉన్న చోట పెట్టాలి. గ్లాసు సగానికే నింపాలి, నిండా పోస్తే సగం చొక్కా మీద పడుతుంది. స్టీలు గ్లాసుతో పరుగెత్తుతూ తాగితే పళ్ళకు తగులుతుంది కనుక ఆగి తాగమని ఒకరు నిలబడి చెబుతూ ఉండాలి. తాగిన గ్లాసు వేసే టబ్బును బల్ల పక్కన కాక, ముప్పై నలభై అడుగుల అవతల పెట్టండి. తాగుతూ అంత దూరం నడుస్తారు, చేయి ఖాళీ అయ్యే చోట టబ్బు కనిపిస్తే అందులో వేస్తారు, కనిపించకపోతే రోడ్డు మీద వేస్తారు. ఇది మొదటిసారి మేము బల్లకు ఆనించి పెట్టి నేర్చుకున్నాము.

మీ పెద్దాయన అడిగిన ప్రశ్న సరైనదే. కావేరి నీరు ఈ నగరానికి దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, ఎత్తుకు పంపు చేస్తే వస్తుంది. దాన్ని దుబారా చేయమని ఎవరూ అనరు. 2024లో నీటి ఎద్దడి ముదిరినప్పుడు చిన్నస్వామి స్టేడియానికి శుద్ధి చేసిన మురుగునీటిని ఇచ్చి ఐపీఎల్ మ్యాచ్‌లు నడిపిన సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. అయితే మంచినీళ్ళు తాగిన గ్లాసుకు జిడ్డు ఉండదు. సబ్బునీళ్ళు ఒక టబ్బులో, తొలిపే నీళ్ళు ఒకదానిలో, చివర ముంచి తీసే వేడినీళ్ళు ఇంకొకదానిలో, ఒక్కొక్కటి 25 లీటర్లు పెట్టుకుని మధ్యలో ఒకసారి మార్చినా 150 లీటర్లతో పని అయిపోతుంది. తొలిపిన నీళ్ళను మైదానం చెట్లకు పోయవచ్చు.

సాంబారు ప్లేట్ల సంగతి వేరు. 600 ప్లేట్ల జిడ్డు వదలాలంటే నీళ్ళు బాగానే అవుతాయి. నేనైతే గ్లాసులు స్టీలువి, ప్లేట్లు ఆకువి అంటాను. మోదుగాకు విస్తళ్ళు అవెన్యూ రోడ్డు, చిక్కపేట వైపు దొరుకుతాయి. లేదా వక్కచెట్టు పట్టతో ఒత్తినవి, ఇక్కడ అడికె హాళె తట్టె అని అడిగితే ఇస్తారు. మిగిలిన ఇడ్లీతో సహా అవి నేరుగా తడిచెత్తలోకి పోతాయి, ఆటో అతనితో పేచీ ఉండదు.

ఒక మాట మరిచాను. లైసెన్సు లేని స్థలంలో వందమందికి మించి గుమిగూడే కార్యక్రమం పెట్టేవారు కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలని, చెత్తను పుట్టిన చోటే వేరుచేసి అప్పగించాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలలోనే ఉంది. చెత్త ఏరే కార్మికులతో కలిసి పనిచేసే హసిరు దళ వంటి సంస్థలు కార్యక్రమాల దగ్గరకు మనుషులను పంపి వేరుచేయించి తీసుకెళ్తాయి. మరునాడు ఆటోను వెతుక్కోవడం కన్నా ముందే వారితో మాట్లాడుకోవడం మేలు.

జవాబు – ఊదారంగు మార్గం

పై జవాబులోని ప్రతి మాటతోనూ ఏకీభవిస్తూనే, మీరు లెక్కపెట్టని చోట ఒక పెద్ద పద్దు ఉందని చెప్పడానికి ఇది రాస్తున్నాను. మీ మైదానం బయట ఎన్ని కార్లు ఆగాయో ఎవరైనా చూశారా? నేను ఆ రోజు పరుగెత్తినవారిలో ఒకడిని, కారులోనే వచ్చాను, చోటు దొరక్క పావుగంట తిరిగాను. నా అంచనాకు 200 కార్లు, 150 స్కూటర్లు ఉంటాయి.

కారుకు రానూపోనూ 24 కిలోమీటర్లు, లీటరుకు 15 కిలోమీటర్లు వేసుకుంటే 200 కార్లకు 320 లీటర్ల పెట్రోలు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కనుక అది 700 కిలోలు దాటుతుంది. స్కూటర్లను కలిపితే 900 కిలోలకు అటూ ఇటూ తేలుతుంది. జనరేటరు ఎనిమిది గంటలలో 50 లీటర్ల డీజిలు తాగిందనుకుంటే లీటరుకు 2.68 కిలోల చొప్పున 130 కిలోలకు కాస్త పైన. ఇక మీ 1,800 సీసాలు: చిన్న సీసా బరువు మూతతో కలిపి 12 గ్రాములనుకుంటే మొత్తం 22 కిలోలకు లోపే ప్లాస్టిక్, దాని తయారీకి కిలోకు రెండు మూడు కిలోల చొప్పున చూసినా 65 కిలోలు మించదు. ఇవి ఉజ్జాయింపు లెక్కలే, కానీ రెండు రెట్లు తప్పినా వరుస మారదు.

సీసాలను పట్టించుకోవద్దని నేను అనడం లేదు. రాజకాలువలో పడిన సీసా చెరువుకు చేరుతుంది, మన బెళ్ళందూరు చెరువు మంటలు చూసినవారికి ఆ బాధ వేరుగా చెప్పనక్కరలేదు. గాలిలో కలిసేదానికి లెక్క వేరు, నీళ్ళలో తేలేదానికి లెక్క వేరు. కంటికి కనిపించేది ఒక్కటే కనుక అందరం దాని గురించే మాట్లాడుకుంటాము. పెద్ద పోటీలకూ ఇదే చిక్కు. 2024 పారిస్ ఒలింపిక్స్ నిర్వాహకులు 95 శాతం వేదికలను పాతవో తాత్కాలికమైనవో ఎంచుకుని ఉద్గారాలను లండన్, రియో క్రీడల సగటులో సగానికన్నా తక్కువకు దించారు. అయినా జనం రాకపోకల పద్దు మాత్రం పెద్దదిగానే మిగిలింది. జర్మనీ ఫుట్‌బాల్‌లో అనేక క్లబ్బుల మ్యాచ్ టికెట్టే ఆ రోజుకు బస్సు, రైలు టికెట్టుగా చెల్లుతుంది. అంత దూరం పోనక్కరలేదు, చెన్నైలో చెపాక్ ఐపీఎల్ మ్యాచ్‌కు టికెట్టు కొన్నవారిని మెట్రోలో ఉచితంగా తీసుకెళ్ళే ఏర్పాటు 2023లోనే చేశారు.

మనకున్న అదృష్టం ఏమిటంటే 2023 అక్టోబరు 9 నుంచి మెట్రో ఊదారంగు మార్గం వైట్‌ఫీల్డ్ దాకా పూర్తిగా నడుస్తోంది, హూడిలోనే స్టేషను ఉంది. దురదృష్టం ఏమిటంటే ఆదివారాలు మొదటి రైలు ఏడు గంటలకు గానీ కదలదు, మీరేమో పరుగును ఆరుంబావుకు మొదలుపెడతారు. మెట్రోలో రమ్మని ఎంత అందంగా విన్నవించినా ఎవరూ రాలేని వేళ అది! పెద్ద పరుగులకైతే మెట్రోవారు ముందుగా రైళ్ళు నడిపిన సందర్భాలు ఉన్నాయి, మన 600 మందికి నడపరు. కాబట్టి పరుగునే ఎనిమిదిన్నరకు జరపండి. మే నెలలో అయితే ఈ సలహా ఇచ్చేవాడిని కాదు. జనవరిలో ఆ వేళకు కూడా చలిగానే ఉంటుంది. స్టేషను నుంచి మైదానానికి ఒక చిన్న బస్సు మాట్లాడి, వాహనాలు నిలిపే చోటుకు రుసుము పెట్టండి. నలుగురు కలిసి వచ్చిన కారుకు రుసుము తీసివేయండి. జనరేటరుకు బదులు కరెంటు సంస్థ బెస్కాంవారిని తాత్కాలిక కనెక్షను అడగండి.

జవాబు – బసవనగుడి వనిత

నేను ఆటగత్తెను కాను, మా వీధిలో పండుగ భోజనాలు చూసుకుంటాను. నీళ్ళు దొరికే చోటయితే స్టీలు ప్లేట్లు కూడా సాధ్యమే. బసవనగుడికి దగ్గరలోని అదమ్య చేతన సంస్థవారు స్టీలు ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు ఇచ్చే ప్లేట్ల బ్యాంకు నడుపుతున్నారు. మేము తెచ్చుకుని, కడిగి, లెక్క చూసి తిరిగి ఇస్తాము. చెంచాలు మాత్రం ఎప్పుడూ పది తక్కువ వస్తాయి, ఆకుల కింద వెతకాలి.

నాకు అంట్లకన్నా టీషర్టులే ఎక్కువ కలవరం కలిగిస్తున్నాయి. ఒక నూలు టీషర్టుకు పత్తి చేను నుంచి లెక్కిస్తే సుమారు 2,700 లీటర్ల నీరు అవుతుందని చాలాచోట్ల ఉటంకించే అంచనా ఒకటి ఉంది. 300 గ్లాసులు కడగడానికి 150 లీటర్లా అని మథనపడే పెద్దలు 600 టీషర్టులకు మాత్రం తల ఊపుతారు. పాలియెస్టరువి అయితే నీటి లెక్క తగ్గుతుంది, ఉతికినప్పుడల్లా సన్నని ప్లాస్టిక్ నూగు కాలువలోకి పోతుంది. మా ఇంట్లో ఇలాంటి పోటీల టీషర్టులు పదకొండు ఉన్నాయి. వాటిలో రెండు కారు తుడవడానికి పనికొస్తున్నాయి, మిగిలినవి అటక మీద ఉన్నాయి. కావాలన్నవారే డబ్బు కట్టి తీసుకునేలా విడిగా పెట్టండి. సంవత్సరం అంకె వేయకండి, వేశారంటే మిగిలినవి మరుసటి ఏడు ఎవరూ వేసుకోరు. ఫ్లెక్సీల మీదా అంతే, తేదీ లేకుండా బట్ట మీద రాయిస్తే మడిచి దాచుకోవచ్చు.

మొక్కల విషయం. బెంగళూరు ఐపీఎల్ జట్టు 2011 నుంచి పచ్చ జెర్సీల మ్యాచ్ ఆడుతోంది, టాస్ దగ్గర ఎదుటి జట్టు నాయకుడికి మొక్క ఇస్తోంది. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ జనవరిలో మీరు పంచే మొక్కకు ఫిబ్రవరి నుంచి మే దాకా నీళ్ళు పోసేవారు ఎవరు? అపార్టుమెంటులో నాలుగో అంతస్తులో ఉన్నవారికి కానుగ మొక్క ఇస్తే దాన్ని ఎక్కడ నాటాలి? 600 మొక్కలు పంచడం కన్నా, మైదానం అంచున పది నాటి, వాటికి ట్రీగార్డులు కట్టి, నీళ్ళు పోయడానికి నలుగురు వంతులు వేసుకోండి. నాటేది కూడా వానలు పడ్డాక, జూన్‌లో నాటండి.

మళ్ళీ ప్రశ్నించినవారు – హూడి తెలుగువాడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈ సంభాషణను నిన్న రాత్రి కమిటీలో చదివి వినిపించాను. గ్లాసులు, ఆకు ప్లేట్లు, బట్ట బ్యానర్లు ఖాయమయ్యాయి. టీషర్టుల దగ్గర గంటసేపు వాదులాట జరిగి, పిల్లలకు మాత్రం ఇవ్వాలని, పెద్దలు కొనుక్కోవాలని తేలింది. 2,700 లీటర్ల మాట విని మా పెద్దాయనే ఆ తీర్మానాన్ని ప్రతిపాదించారు. పరుగు వేళను ఎనిమిదింటికి జరపడానికి ఒప్పుకున్నారు, ఎనిమిదిన్నర అంటే క్రికెట్ జట్లవారు ఒప్పుకోలేదు.

ఒక ముడి మిగిలింది. సీసాలు మేము కొన్నవి కావు. నీళ్ళ వ్యాపారం చేసే ఒక స్పాన్సరు ఉచితంగా ఇచ్చి, పైగా మైదానం అద్దెలో సగం భరిస్తున్నారు. తమ పేరున్న సీసా జనం చేతుల్లో ఫొటోలలో కనబడాలన్నది వారి షరతు. వద్దంటే అద్దె డబ్బు పోతుంది.

జవాబు – నీళ్ళ బల్ల

ఆ చిక్కు మీకు ఒక్కరికే కాదు. పారిస్ ఒలింపిక్స్‌లోనే స్పాన్సరు పానీయాన్ని కొన్ని చోట్ల ప్లాస్టిక్ సీసాల నుంచి మళ్ళీ వాడే కప్పుల్లోకి ఒంపి ఇచ్చారని విమర్శలు వచ్చాయి. కప్పు మారింది, సీసా మారలేదు.

మీ స్పాన్సరు అమ్మేది నీళ్ళు కదా, వారి దగ్గర 20 లీటర్ల డబ్బాలు కూడా ఉంటాయి. అవే 30 ఇమ్మనండి. పేరు కనబడే చోటును సీసా నుంచి బల్లకు మార్చండి: రెండు బల్లల మీద పరచే బట్ట, నీళ్ళు అందించే ఎనిమిది మంది ఆప్రాన్లు, ముగింపు రేఖ వెనుక ఉండే బట్ట బ్యానరు వారివే అనండి. సీసా లేబులు ఫొటోలో వేలిముద్రంత ఉంటుంది, దాని మీద పేరు చదివేవారు ఎవరూ ఉండరు. పరుగు ముగించి చేతులెత్తిన ప్రతి మనిషి వెనుకా ఆ బ్యానరు ఉంటుంది. పోయిన ఏడు ఫొటోలు రెండు తీసుకెళ్ళి చూపించండి. మాటలకన్నా అవి తొందరగా పని చేస్తాయి. ఇంకో సంస్థ దగ్గర ఒకసారి ఈ మాటతోనే ఒప్పించాము, అయితే వారు వంద సీసాలు వేదిక మీది అతిథులకు పెట్టాలన్నారు, పెట్టాము.

ఖాళీ డబ్బాలు తిరిగి ఇవ్వడానికి డిపాజిట్ అడిగితే రసీదు మీద డబ్బాల సంఖ్య రాయించుకోండి, క్రికెట్ ఆడే పిల్లలు ఖాళీ డబ్బాలను వికెట్లుగా వాడుకుంటారు.